కొండగడ్డి తొందరపడిన ఏడాది

ఒకప్పుడు మంచుకొండల మీద గడ్డి అంతా ఒకే రోజు మొలిచేది. కొండ పాదం దగ్గరైనా, నడుమనైనా, శిఖరం పక్కనైనా సరే, సూర్యుడు లేవమనగానే లేచేది.

ఆ కొండల్లో బింద్రో అనే ఆవిడ గొర్రెలు కాసేది. చలికాలమంతా లోయలో ఉండి, కొండ పచ్చబడగానే మందను పైకి తోలుకెళ్ళేది.

ఒక ఏడు చలికాలం ఇంకా పోకుండానే ఎండ కాసింది. మంచు కింద గడ్డికి నిద్ర పట్టలేదు. ఇటు దొర్లింది, అటు దొర్లింది.

"మంచూ, వేళయిందా?" అంది.

"కాలేదు, పడుకో."

కాసేపాగి మళ్ళీ అడిగింది. "ఇప్పుడో?"

"ఈ ఎండ చుట్టపుచూపుగా వచ్చింది. నాలుగు రోజులుండి పోతుంది. పడుకోమన్నానా?"

గడ్డి ఊరుకోలేదు. పైకి చూసి సూర్యుణ్ణే అడిగింది. సూర్యుడెప్పుడూ ప్రయాణంలోనే ఉంటాడు. "లేస్తే లే, నాకవతల పనుంది" అంటూ వెళ్ళిపోయాడు.

ఆ మాట చాలు. మంచు కరిగిన చోటల్లా గడ్డి లేచింది. ఒక్క రోజులో కొండంతా పచ్చబడింది.

లోయలో బింద్రోకీ కాలు నిలవడం లేదు. ఎండుగడ్డి అయిపోవచ్చింది. గొర్రెలు చూలుతో ఉన్నాయి.

"అత్తా, కొండ పచ్చబడింది. బయలుదేరతాను" అంది.

"ఇంకా ఇరవై రోజులన్నా ఆగాలే. గాలి వాసన నాకు నచ్చలేదు" అంది అత్త.

"ఆగితే ఇక్కడ వీటికేం పెట్టను?"

బింద్రో నడుముకి పిండిసంచి కట్టుకుని మందను తోలింది.

మూడు రోజులు గొర్రెలు కడుపునిండా మేశాయి. నాలుగో రోజు ఉత్తరపు గాలి తిరిగింది. తెల్లారేసరికి చలికి గడ్డి అంతా మాడి నల్లబడింది. ఆ పొద్దునే గొర్రెలు ఈనడం మొదలుపెట్టాయి. తల్లులకు మేత లేదు, పొదుగుల్లో పాలు లేవు. మధ్యాహ్నానికి రెండు పిల్లలు చచ్చిపోయాయి.

బింద్రో సంచిలోని పిండంతా నీళ్ళలో కలిపి తల్లులకు పట్టింది. తర్వాత కూలబడి, మాడిన గడ్డిని గుప్పెడు పీకింది. దాని వేళ్ళు ఇంకా తెల్లగా, బతికే ఉన్నాయి.

"నిన్ను నమ్మి వచ్చాను" అంది.

"నేను సూర్యుణ్ణి నమ్మాను" అంది గడ్డి, సన్నటి గొంతుతో.

"ఆయన పైనుంచి చూస్తాడు. నీ కాళ్ళ కింద నేలెంత చల్లగా ఉందో ఆయనకేం తెలుసు? ఈసారి నీ వేళ్ళనడుగు."

పీకిన గడ్డిని మళ్ళీ మట్టిలో పెట్టి, చేత్తో అదిమి, మందను కిందికి దించింది. నడవలేని పిల్లల్ని తన కోటులో పెట్టుకుంది. లోయలో మిగిలిన కాస్త ఎండుగడ్డినే కొద్దికొద్దిగా వేస్తూ వచ్చింది.

గడ్డి వేళ్ళనడిగింది. "వేళయిందా?"

"వణుకుతున్నాం, లేదు" అన్నాయి వేళ్ళు.

మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. పదిహేను రోజులకి కొండ పాదం దగ్గర మట్టి వెచ్చబడింది. కరిగిన మంచునీరు లోపలికి దిగింది. అక్కడి వేళ్ళు "ఊఁ" అన్నాయి. అక్కడొక్కచోటే గడ్డి లేచింది. బింద్రో మంద దాని మీద పడింది. తల్లుల పొదుగులు నిండాయి. మిగిలిన పిల్లలు బతికాయి.

ఇంకొన్నాళ్ళకి నడికొండ వేళ్ళు సరేనన్నాయి. ఎండలు ముదిరాక గాని శిఖరం పక్కన వేళ్ళు ఒప్పుకోలేదు.

అప్పటినుంచే కొండగడ్డి ఒకేసారి మొలవదు. కింద ముందు లేస్తుంది, పైన ఆఖరున లేస్తుంది. నేల తొందరగా వెచ్చబడిన ఏడు ముందుగా వస్తుంది, మంచు పోనని మొరాయించిన ఏడు ఆలస్యంగా వస్తుంది. ఫలానా రోజని ఎవరూ చెప్పలేరు. అందుకే కొండల్లో మందలు ఒకచోట నిలవవు. పచ్చదనం ఒక్కో మెట్టే ఎక్కుతుంటే, దాని వెనకే అవీ ఎక్కుతూ పోతాయి.