గొంతులో కావలమ్మ

ఒకప్పుడు పెద్దా చిన్నా తేడా లేకుండా అందరూ ఒకేలా మింగేవారు. ముద్ద నోట్లో పడటమే ఆలస్యం, గుటుక్కున కడుపులో ఉండేది. తాతా మనవడూ పందెం వేసుకుంటే ఎవరు గెలుస్తారో చెప్పడం కష్టం.

ఆ రోజుల్లో కొండ కింద పల్లెలో గవరమ్మ అనే ముసలమ్మ ఉండేది. వయసంతా పొలం గట్టు మీద నిలబడి తిన్న మనిషి. చోడి సంకటి, అదే రాగి సంకటి, ముద్ద చేతిలో ఉందనుకునేలోపు మాయమయ్యేది. నములుతూ కూర్చుంటే నాట్లు ఎవరేస్తారని ఎదురడిగేది. నాట్లు మానేసి చాలా ఏళ్ళయినా ఆ తొందర మాత్రం పోలేదు.

ఒకనాడు తింటుంటే పొలమారింది. పొలమారిందంటే ఎవరో తలుచుకుంటున్నట్టే కదా! గవరమ్మ తన నెత్తి తనే తట్టుకుంది. తలుచుకున్నది పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలు సన్నెమ్మే అయ్యుంటుందని మురిసిపోయి, ఎండలో అంత దూరం నడిచి వెళ్ళింది.

"నాను తలవనేదప్పా. కళ్ళం పన్లో నన్ను నానే మరిసిపోనాను," అంది సన్నెమ్మ.

అయినా వచ్చిన అక్కని ఊరికే పంపుతుందా? ఉలవ గుగ్గిళ్ళు పెట్టింది. గవరమ్మ గుప్పెడు నోట్లో పోసుకుని గబుక్కున మింగబోయింది. మళ్ళీ పొలమారింది. ఈసారి ఊపిరాడక కళ్ళు తేలేసింది. సన్నెమ్మ వీపు చరిచి చరిచి అక్కని దక్కించుకుంది.

ఆ దెబ్బతో గవరమ్మ చెల్లెలింట్లోనే ఉండిపోయింది. తిండంటేనే భయం పట్టుకుంది. గంజి చూసినా వణుకే. నాలుగు రోజుల్లో పుల్లలా అయిపోయింది. తిండి మానేస్తే మనిషి దక్కదని సన్నెమ్మ ఏడ్చింది. అది విని గాలికి జాలేసింది.

"నేను రోజూ నీ గొంతులోకి వెళ్ళొస్తుంటాను," అంది గాలి గవరమ్మతో. "అక్కడ రెండు దారులున్నాయి. ఒకటి నాది, ఒకటి ముద్దది. ముద్ద వచ్చినప్పుడల్లా నా దారికి తలుపు వేసే కావలమ్మ ఒకామె ఉంది. భయం మాని ఆమెని అడుగు."

గవరమ్మ కళ్ళు మూసుకుని అడిగింది. లోపలినుంచి సన్నని గొంతు పలికింది.

"నిన్ను తలుచుకున్నది నేనే. తల్లిపాలు మొదటి గుక్క మింగావు చూడు, ఆ రోజునుంచీ నీ తలుపు వేస్తున్నాను. నిద్రలో నువ్వు గుటక వేసినా లేచి వేశాను. నీతోపాటే నేనూ ముసలిదాన్నయ్యాను. పని మాననులే. కానీ నా చెయ్యి తలుపు మీదికి వెళ్ళేలోపే నువ్వు ముద్ద తోసేస్తున్నావు. కాస్త ఆగు తల్లీ, అంతే."

గవరమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. పాలిచ్చే గేదెకి దండం పెట్టింది, పంటిచ్చే చేనుకి దండం పెట్టింది. ఇన్నేళ్ళుగా ఒక్కపూటైనా సెలవడగని ఈమెని మాత్రం ఎన్నడూ తలవలేదు.

"నా తిండి నానే తింటన్నాననుకున్నాను తల్లీ," అంది. "నువ్వు తినిపిస్తన్నావని తెల్దు."

ఆ పూట సన్నెమ్మ సంకటి కాస్త జారుగా కలిపి పెట్టింది. గవరమ్మ చిన్న ముద్ద తీసుకుని మెత్తగా నమిలింది. తల కొంచెం వంచి ఆగింది. అప్పుడు మింగింది. గొంతులో కాస్త మిగిలితే ఇంకో గుటక వేసింది. పొలమారలేదు. అన్నాళ్ళ తర్వాత సంకటి రుచి కూడా తెలిసింది.

కూర చల్లారిపోతోందని సన్నెమ్మ తొందరపెట్టింది. గవరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఉండవే. లోపల ఒకామె తలుపేస్తంది."

అప్పటినుంచే వయసు మళ్ళినవాళ్ళు, ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా, ముద్దని నిదానంగా నమిలి, క్షణం ఆగి, ఒక్కోసారి రెండు గుటకల్లో మింగుతారు. తొందరపెట్టకండి. ఆ క్షణంలో వాళ్ళు కావలమ్మని తలుచుకుంటున్నారు.