నుదుటి మీది అంకె

డాక్టర్ విశ్వంభరం గారికి ఒక అలవాటు ఉండేది. పసిపిల్లల ఐసీయూలో ఏ బిడ్డ ఒంటి మీదనుంచి ఏ పట్టీ తీసినా, వంగి, ఆ బిడ్డతో "థాంక్సమ్మా" అనేవారు. కిలోన్నర బరువున్న పసిగుడ్డుకైనా అంతే, నెలరోజుల బిడ్డకైనా అంతే. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా మరిచిపోలేదని పాత సిస్టర్లు చెప్పుకునేవారు.

ఇందుజకు అది వింతగా ఉండేది. ఆమె ఆయన దగ్గర పీజీ రెండో ఏడు చదువుతోంది. లెక్కల్లో చురుకు. మందు మోతాదు ఎంతని అడిగితే పక్కవాళ్లు ఫోన్ తీసేలోపే నోటితో చెప్పేది. వార్డుకు కొత్తగా నుదుటి సెన్సర్ వచ్చినప్పుడు, ఎవరూ చెప్పకముందే దాని పుస్తకమంతా చదివి, సిస్టర్లకు తనే నేర్పింది. "ఎరుపుకు అవతల కంటికి కనపడని వెలుగొకటి ఉంది. అది చర్మాన్నీ ఎముకనూ దాటి మెదడు దాకా పోతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఆ వెలుగును ఒకలా తాగుతుంది, ఆక్సిజన్ ఇచ్చేసిన రక్తం ఇంకోలా తాగుతుంది. తాగగా తిరిగొచ్చిన పిసరంత వెలుగును బట్టి మెదడు దగ్గర ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇది చెబుతుంది. కాలికి చుట్టి ఒంట్లోని ఆక్సిజన్ చూసే పట్టీకి ఆ సంగతి తెలీదు" అని వివరించేది.

ఒకరోజు రౌండ్లు అయ్యాక అడిగేసింది.

"సర్, అంకె ఇచ్చేది మెషీను. బిడ్డకేమో మన మాట అర్థం కాదు. మరి థాంక్స్ బిడ్డకెందుకు?"

"మెషీనుకు చెబితే మొహమాటపడుతుంది" అని ఆయన నవ్వారు. "రేపడుగు."

మర్నాడు సాయంత్రం నాలుగో నంబరు బిడ్డ దగ్గర గొడవ మొదలైంది. ఎనిమిదో నెలలోనే పుట్టిన ఆడపిల్ల. పదకొండు రోజుల వయసు, కిలో నాలుగు వందల గ్రాములు. ఊపిరి గొట్టం తీసి రెండు రోజులే అయింది. తల్లి ఇంకా జ్వరంతో పైవార్డులో ఉంది. అందుకని నాయనమ్మ అప్పలనరసమ్మ రోజూ నాలుగింటికి వచ్చి, పది నిమిషాలు చూసుకుని పోయేది.

చర్మం ఒరిసిపోకుండా ఆ వేళకు సెన్సర్‌ను కాసేపు తీసి, తర్వాత నుదుటికి రెండో వైపు పెట్టడం వార్డు పద్ధతి. నాయనమ్మ వెళ్లిపోగానే ఇందుజ వచ్చింది. ఇంకా ఆరుగురు బిడ్డలను చూడాలి. ఉన్ని టోపీ కనుబొమల దాకా దిగి ఉంది. దాని అంచు కింద నుంచి సెన్సర్‌ను లోపలికి జరిపి, పట్టీ బిగించి, తెర వైపు తిరిగింది.

యాభై మూడు.

పొద్దున డెబ్బై రెండు ఉంది. పంతొమ్మిది తగ్గింది, అంటే నూటికి ఇరవై ఆరు. తగ్గుదల నూటికి ఇరవై దాటితే ఆగకూడదు. కాలి పట్టీ తొంభై ఆరు చూపిస్తూనే ఉంది. గుండె కొట్టుకోవడం మామూలుగానే ఉంది. అయినా మెదడు మాట కాలికి తెలీదని చెప్పింది తనే కదా. సెన్సర్‌ను గట్టిగా అదిమి చూసింది. యాభై మూడే.

"సిస్టర్, పొద్దున హిమోగ్లోబిన్ పదే కదా? బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చెయ్యండి. కిలోకి పదిహేను చొప్పున ఇరవై ఒక్క ఎంఎల్. గొట్టం కూడా సిద్ధం చెయ్యండి."

"మళ్లీ గొట్టమా? మొన్ననే కదమ్మా తీశాం. పాప గులాబీ రంగులోనే ఉంది" అంది సిస్టర్ కరుణ.

"రంగు చూసి చెప్పగలిగితే ఈ మెషీను ఎందుకు సిస్టర్? మెదడుకు ఆక్సిజన్ అందట్లేదు!"

ఆ మాట తలుపు బయట ఇంకా చెప్పులు వేసుకుంటున్న అప్పలనరసమ్మ చెవిన పడింది. ముసలమ్మ అక్కడే గోడకు జారగిలబడి కూలబడింది.

విశ్వంభరం గారు వచ్చేసరికి గొట్టం పళ్లెంలో ఉంది. ఇందుజ గబగబా అంకెలన్నీ చెప్పింది. ఆయన అంతా విన్నారు. పాప ఊపిరి తీస్తున్న తీరును కాసేపు చూశారు. తర్వాత పట్టీ వదులు చేసి, టోపీ పైకి తీసి, సెన్సర్ ఊడదీసి, ఎప్పటిలాగే వంగారు.

"థాంక్స..." అని ఆగిపోయారు. "ఇందుజా, ఇలా రా."

పాప నుదుటి మీద, సెన్సర్ ఉన్నచోటనే, బఠాణీ గింజంత నల్లటి కాటుక చుక్క.

తలుపు దగ్గర అప్పలనరసమ్మ చేతులు జోడించింది. "తప్పైపోనాది బాబూ. ఇన్నాళ్లూ ఆ నుదుటి మీద ఏదో ఒకటి కట్టీసే ఉండేది. ఇయ్యాల బోసిగా అగుపడింది. అంత సక్కని మొహం... ఉండబట్టలేక సుక్క ఎట్టీసినాను. సిస్టరమ్మ తిడతాదని టోపీ కిందకి లాగీసినాను."

"ఏం కాటుకమ్మా ఇది?"

"ఆముదం దీపం మసి బాబూ. నానే పట్టినాను."

ఆయన శిష్యురాలి వైపు తిరిగారు. "మసి ఎంత వెలుగు తాగుతుంది?"

ఇందుజ ముఖం వెలవెలబోయింది. "దాదాపు మొత్తం, సర్. అందుకే అంకె తప్పు వచ్చింది."

నూనె దూదితో, తర్వాత తడి దూదితో ఆమే చుక్క తుడిచింది. సెన్సర్ మళ్లీ పెట్టింది. అరవై ఆరు, అరవై తొమ్మిది, డెబ్బై ఒకటి. అక్కడ నిలబడింది. సిస్టర్ కరుణ గొట్టం ఉన్న పళ్లెం తీసుకుపోయి, బ్లడ్ బ్యాంకుకు వద్దని ఫోన్ చేసింది.

"పాపకేం కాలేదమ్మా" అన్నారు విశ్వంభరం గారు, ముసలమ్మను బల్ల మీద కూర్చోబెట్టి. "దిష్టిచుక్క రేపు చేతులు కడుక్కుని అరికాలికి పెట్టు. ఎడమ కాలికి సుమా. కుడికాలికి మా పట్టీ ఉంది, దాన్ని కూడా బెదరగొట్టకు."

ఏడుస్తూనే ఆమె నవ్వేసింది. వెళ్లేముందు ఆయనకు ఒకసారి, ఇందుజకు ఒకసారి, గాజు పెట్టెలోని మనవరాలికి ఒకసారి దండం పెట్టింది. తనకు పెట్టిన దండం ఇందుజకు గుచ్చుకుంది.

"నేను చూడలేదు సర్. టోపీ కిందకి దూర్చేశాను. ఇంకో పది నిమిషాలైతే ఆ చిన్న గొంతులో మళ్లీ గొట్టం వేసేదాన్ని."

ఆయన కోప్పడలేదు. ఇందుజ పాప దగ్గరే నిలబడిపోయింది. పదకొండు రోజులుగా ఆ బిడ్డ అంకెలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఎడమ కనుబొమ చివర చిన్న పుట్టుమచ్చ ఉందని మాత్రం ఇప్పుడే చూసింది. పాప ఆవులించింది. ఇందుజ తెలియకుండానే వంగి, "థాంక్సమ్మా" అంది.

వెనక చేతులు కడుక్కుంటున్న విశ్వంభరం గారు అడిగారు, "నిన్న ఏదో అడిగావు కదూ?"

"అవును సర్. థాంక్స్ బిడ్డకెందుకని."

ఆయన చేతులు తుడుచుకుని, తర్వాతి బిడ్డ వైపు నడుస్తూ అన్నారు.

"ముఖం చూడకుండా ఎలా చెబుతాం, ఇందుజా?"