నీళ్ళకు ముందు ఒక మాట

అప్పలనరసయ్య మాస్టారికి ఒక అలవాటు ఉంది. కూతకు వెళ్ళి పాయింటు లేకుండా తిరిగొచ్చిన ఆటగాడు, అవతల తాను చూసిందేమిటో ఒక్క మాట చెప్పందే మంచినీళ్ళు ముట్టనివ్వరు. ఆయన విశాఖపట్నంలో ఒక ప్రొఫెషనల్ కబడ్డీ జట్టుకు కోచ్. పేపర్లో ఫొటోలు పడేవాళ్ళు కూడా ఆయన మట్టికుండ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఇండోర్ స్టేడియంలో మట్టికుండ ఏమిటని యాజమాన్యం అడగకపోలేదు. ఆయన ఏం జవాబు చెప్పారో గాని, కుండ మాత్రం అక్కడే ఉంది.

ఒక సాయంత్రం ప్రాక్టీసు వేళకు సింహాద్రి వచ్చాడు. ఒకప్పుడు ఆయన దగ్గర ఆడినవాడే, ఇప్పుడు రంగుల కంపెనీలో సేల్స్‌మన్. వచ్చీ రాగానే బెంచీ మీద కూలబడ్డాడు.

"గాజువాకలో పెద్ద షాపు మాస్టారూ. రెండుసార్లు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాను. రేపు మూడోసారి. ఆర్డరు రాకపోతే ఉద్యోగం ఉండదన్నారు. ఖాళీగా తిరిగిరావడానికి ఎందుకండీ వెళ్ళడం?"

"ఆట చూడు" అన్నారు మాస్టారు.

తవుడు అనే కుర్రాడు కూతకు వెళ్ళాడు. ఖాళీగా వచ్చాడు.

"ఏం చూశావురా?"

"కుడి మూలవాడు నా కాళ్ళు చూడట్లేదు మాస్టారూ, చేతులే చూస్తున్నాడు."

రెండోసారీ ఖాళీయే.

"చెయ్యి ఊపితే ముందుకు వంగుతున్నాడండి."

రెండు కూతలు వట్టిపోతే మూడోదానికి పాయింటు తేవాలి, లేదా అవుటై బయట కూర్చోవాలి. అది ఆట నియమం. మూడోసారి తవుడు చెయ్యి ఊపాడు. మూలవాడు వంగాడు. వాడి వీపు మీద ఒక్క చరుపు చరిచి, మధ్యగీత దాటి నవ్వుతూ వచ్చేశాడు.

సింహాద్రి ఉత్సాహంగా చప్పట్లు కొట్టి, దాహమేసి కుండ దగ్గరికి నడిచాడు. మాస్టారు గ్లాసు లాగేసుకున్నారు.

"రెండుసార్లు వెళ్ళొచ్చావు. ఏం చూశావు?"

"నేనేం చూస్తానండీ! నా శాంపిళ్ళు, నా మాటలు..." అంటూ నుదురు రుద్దుకున్నాడు. "ఆ షాపాయన మాత్రం మాటిమాటికీ వీధిలోకి చూస్తున్నాడండి. బయట వాన మబ్బు పట్టి ఉంది. లోపల చోటు లేక డబ్బాలన్నీ మెట్ల మీదే ఉన్నాయి."

"మరి నువ్వేమన్నావు?"

"ఒకేసారి రెండొందల డబ్బాలు తీసుకోండి, ధర తగ్గిస్తామని."

తవుడు పక్కకు తిరిగి నవ్వాడు. మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. సింహాద్రి తల పట్టుకున్నాడు. తలెత్తి, "వారానికి పది చొప్పున పంపుతామంటే..." అన్నాడు మెల్లిగా.

మాస్టారు కుండలోంచి గ్లాసు నింపి వాడి చేతికిచ్చారు.

"ఇంక తాగు."