బుదవ్వ చేతి రంగు

ఊఁ కొట్టండి మరి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నాకు నోరు పెగలదు.

అనగనగా ఒక ఊరు. ఎప్పటి మాట అంటారా? మా తాతకు వాళ్ళ తాత చెప్పినప్పుడు కూడా "ఎప్పుడో" అనే చెప్పాడట. ఆ ఊళ్ళో పటాలు రాసే నకాశి మల్లారి ఉండేవాడు. పటమంటే గోడకు తగిలించుకునే చిన్న బొమ్మ కాదు. ముప్పై మూరల బట్ట. చింతగింజల జిగురూ తెల్లసుద్దా పట్టించి, పైనుంచి కింద దాకా కథంతా దాని మీద బొమ్మలుగా రాసేవాడు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని ఊరూరా మోసుకుపోయి, గుంజకు వేలాడదీసి, కొంచెం కొంచెం విప్పుతూ పాడేవాళ్ళు.

మల్లారి చెయ్యి గొప్పదే, కాదనను. కానీ రంగు లేనిది బొమ్మ ఎక్కడిది? ఆ రంగులు నూరేది బుదవ్వ. మల్లారి తండ్రి కాలం నుంచీ ఆ ఇంటి వెనక పంచలో ఆమె, ఆమె ముందు సన్నెకల్లు. మల్లారి చిన్నప్పుడు ఆమె ఒళ్ళో ఆడినవాడే.

ఆమె ముందు మూడు కొబ్బరి చిప్పలు ఉండేవి. దేవుడి చిప్పలో నీలం. రాణి చిప్పలో పసుపు. మూడోది రక్కసి చిప్ప. కాల్చిన ఇటుక పొడి, దీపం మసి, చిటికెడు పసుపు కలిపితే వచ్చే నిండు రంగు అందులో ఉండేది. ఇంకో సంగతి చెప్పనా? పాటలో దేవుణ్ణి నల్లనయ్యా, నల్లనయ్యా అనే పిలుస్తారు. పటంలోకి వచ్చేసరికి నీలం పూస్తారు. అదేమిటని ఒక్కడూ అడగడు.

నీలాన్నీ పసుపునూ బుదవ్వ కంటితో చూసి సరే అనేది. మూడో రంగుకు మాత్రం ఆమెకు ఒక పద్ధతి ఉంది. నూరేది, కలిపేది, చెయ్యి మీద చుక్క పెట్టి చూసేది. చుక్క కనబడితే రంగు ఇంకా కుదరలేదు. చుక్క చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోతే కుదిరింది. అప్పుడు చిప్ప అందించేది.

ఆ చిప్పలో కుంచె ముంచి మల్లారి ఎవరిని రాసేవాడు? రక్కసిని రాసేవాడు. దొంగను రాసేవాడు. పిల్లల్ని ఎత్తుకుపోయే మంత్రగత్తెను రాసేవాడు. పటంలో రక్కసి వంతు రాగానే పిల్లలు గులకరాళ్ళు విసిరేవాళ్ళు. పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆటే కదా అనుకునేవాళ్ళు.

బుదవ్వకు ఒక మనవరాలు, ఈరమ్మ. అమ్మానాన్నా కరువులో పోతే బుదవ్వే పెంచింది. అవ్వ రంగే వచ్చింది పిల్లకు, అచ్చంగా అదే రంగు. ఒకరోజు నీళ్ళకు పోయిన పిల్ల నుదురు పగిలి, ఒట్టి కడవతో తిరిగొచ్చింది. "రక్కసొచ్చిందిరో" అని పిల్లలు రాళ్ళు విసిరారట. పటం మీద విసిరే గులకరాళ్ళే. ఆ రోజు నుంచి ఈరమ్మ మొహం మీద కొంగు కప్పుకుంది. ఎంత ఎండలోనైనా తియ్యలేదు. ఇంట్లో అవ్వ ముందు కూడా తియ్యలేదు.

బుదవ్వ మల్లారి దగ్గరికి పోయింది.

"కొడుకా, గీ రంగుతోని ఒక్క మంచి మనిషిని రాయరాదు? రాణిని రాయమంటలేను. కడవ మోసే ఆడిదాన్ని రాయి, సాలు."

మల్లారి నవ్వాడు. "వచ్చే పటంల సూద్దాం అవ్వా."

ఏడాది తిరిగింది. ఇంకో పటం మొదలైంది. "కొడుకా, నాగలి దున్నేటోణ్ణన్న రాయి."

"వచ్చే పటంల సూద్దాం అవ్వా."

ఇంకో ఏడాది తిరిగింది. పటం పూర్తయింది, కళ్ళు తెరవడమే మిగిలింది. బొమ్మలన్నిటికీ కళ్ళు ఆఖరునే రాస్తారు. ముందు దేవుడికి, తరవాత రాజుకూ రాణికీ, అందరికన్నా చివర రక్కసికి. పటం తీసుకుపోవడానికి కథ చెప్పే సమ్మయ్య మనుషులతో వచ్చి వాకిట్లో కూచున్నాడు. వాళ్ళందరి ముందే బుదవ్వ మూడోసారి అడిగింది.

"కొడుకా, జాగ ఇంకింత ఉన్నది గదా. ఆవులు కాసే పోరిని రాయి. మా ఈరికి సూపెడ్త. కొంగు తీస్తదేమో."

నలుగురిలో అడిగేసరికి మల్లారికి తల కొట్టేసినట్టయింది. కసిరాడు. "అది రక్కసి చిప్ప అవ్వా. మా నాయిన పెట్టిన పేరు. ఆ రంగు కనబడంగనే రక్కసని జనానికి తెల్వాలె. మంచోళ్ళకు పూస్తే ఎట్ల తెలుస్తది?"

బుదవ్వ అతని మొహంలోకి చూసింది. "నన్ను సూస్తే నీకేం తెలిసింది కొడుకా?"

మల్లారి కుంచె మొనను సరిచేసుకుంటూ కూచున్నాడు.

బుదవ్వ పంచలోకి పోయింది. నూరింది, కలిపింది, చెయ్యి మీద చుక్క పెట్టి చూసింది. చిప్ప పక్కన పెట్టి గోడకు ఆనుకుంది. ఇక్కడ మల్లారి రక్కసి రెండో కన్ను తెరిచి కుంచె ఎత్తాడో లేదో, వెనక నుంచి ఈరమ్మ కేక వినబడింది. బుదవ్వ ప్రాణం పోయింది.

ఇప్పుడు కొంచెం దగ్గరికి జరగండి.

శవానికి స్నానం చేయిస్తుంటే మోచేతి నుంచి గోధుమరంగు నీళ్ళు కారాయి. అక్కడ చుక్క ఉన్నట్టు ఎవరికీ కనబడలేదు. ఎన్ని బిందెలు పోసినా ఆ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఈరమ్మ మూసింది, మూతపడలేదు. మల్లారి పెళ్ళాం మూసింది, మూతపడలేదు. మల్లారి తన చేత్తో మూశాడు, రెప్పలు మళ్ళీ మెల్లగా విచ్చుకున్నాయి. చివరికి సుద్ద పట్టించిన తెల్లబట్ట ముక్క మొహం మీద కప్పి పూడ్చారు.

మల్లారి ఇంటికొచ్చి పటం చూశాడు. రక్కసి కళ్ళు మూసుకుని ఉంది.

చెరిగిపోలేదు. రెప్పలున్నాయి, రెప్పల వెంట్రుకలున్నాయి. ఎవరో కూచుని ఓపిగ్గా రాసినట్టుంది. ఆ ఇంట్లో అలా రాయగలిగిన చెయ్యి మల్లారిది ఒక్కటే. అతను రాయలేదు.

సమ్మయ్యతో "నాలుగు దినాలు ఆగు" అని చెప్పి పంపి, మల్లారి మళ్ళీ కళ్ళు రాశాడు. తెల్లారేసరికి మూసుకున్నాయి.

రక్కసి మొహం గీకేసి, తనే రంగు నూరి కలిపి పూశాడు. ఒక పూట బూడిదలా వచ్చింది, ఒక పూట బురదలా వచ్చింది. తెల్లారేసరికి రంగంతా జారి కింద పళ్ళెంలో పడి ఉంది. మొహం ఉన్న చోట ఒట్టి సుద్ద తెల్లగా ఇకిలించింది.

సరే పొమ్మని ఆ జాగా అలాగే వదిలేశాడు. మూడో పొద్దున చూస్తే పటంలో రాజు తల తిప్పి ఉన్నాడు. రాణి తల తిప్పి ఉంది. గుర్రం కూడా తిప్పింది. అందరూ ఆ ఖాళీ జాగానే చూస్తున్నారు. మల్లారి పటానికి వీపు తిప్పి కూచోలేక, ఎదురుగా కూచోలేక, అన్నం గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగాడు.

ఆ వారం సమ్మయ్య రొప్పుతూ వచ్చాడు. "నకాశీ, మా పాత పటాల మీద సుత రక్కసులు కండ్లు మూసుకున్నయి. మీ నాయిన రాసినయి, నువ్వు రాసినయి, అన్నీ. పోరగాండ్లు రాళ్ళు ఇసురుతలేరు, ఏడుస్తున్నరు. జనం కథల నుంచి లేసి పోతున్నరు. నేనెట్ల పాడాలె?"

అప్పటి నుంచి మిట్టమధ్యాహ్నం, ఊరంతా అన్నాలు తిని నడుం వాల్చే వేళ, వెనక పంచలో సన్నెకల్లు చప్పుడు వినబడేది. గర్ర్, గర్ర్, గర్ర్. పోయి చూస్తే ఎవరూ ఉండరు. రాయి మాత్రం తడిగా ఉండేది. ఇలా మూడు నెలలు గడిచాయి. మల్లారి చిక్కి సగమయ్యాడు. కుంచె మూలన పడేశాడు. ఇక తన వల్ల బొమ్మ పుట్టదేమో అని భయపడ్డాడు. దానికన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉంది. "నన్ను సూస్తే నీకేం తెలిసింది కొడుకా" అన్న మాట అతని చెవిలో నుంచి పోవడం లేదు. ఎత్తుకుని పెంచిన మనిషికి ఒక్క జవాబు చెప్పలేకపోయానే అని కుమిలిపోయాడు.

ఒక మధ్యాహ్నం చప్పుడు మొదలవగానే మల్లారి మూడో చిప్ప చేతపట్టుకుని, ఈరమ్మ అవ్వతో ఉంటూ వచ్చిన గుడిసెకు పోయాడు. పిల్ల గుమ్మంలో కూచుని ఉంది, మొహం మీద కొంగు.

"బిడ్డా, రంగు కుదురుతలేదు. చుక్క పెట్టి సూడాలె. ఒక్కపారి నీ చెయ్యియ్యి."

ఈరమ్మ చెయ్యి చాపింది. చాపి అడిగింది. "ఎవరి రంగు పెదబాపూ?"

అలవాటైన నోరు కదా, "రక్కసి రంగు" అన్నాడు. ఈరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. పంచలో రాయి గర్రుమంది, ఇక్కడి దాకా వినబడింది.

"చెయ్యియ్యి బిడ్డా."

"ఎవరి రంగు పెదబాపూ?"

"మా నాయిన కలిపిన రంగు." ఈరమ్మ మళ్ళీ చెయ్యి తీసుకుంది. రాయి ఇంకా గట్టిగా గర్రుమంది.

"ఎవరి రంగు?" మూడోసారి పిల్ల గొంతు పిల్ల గొంతులా లేదు.

మల్లారి చిప్ప గుమ్మంలో కింద పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీ అవ్వ రంగు బిడ్డా. బుదవ్వ రంగు. ఆమె చేతి మీదికెల్లి తీసుకున్న, రక్కసి పేరుతోని పూసిన. తప్పు నాదే."

రాయి చప్పుడు ఆగిపోయింది.

ఈరమ్మ చెయ్యి చాపింది. మల్లారి ఆమెను పంచలోకి తీసుకుపోయి సన్నెకల్లు మీద నూరాడు, కలిపాడు, పిల్ల చెయ్యి మీద చుక్క పెట్టి చూశాడు. మొదటిసారి కనబడింది. రెండోసారి కనబడింది. మూడోసారి చుక్క లేదు, చెయ్యే ఉంది.

అప్పుడు అతను ఆ ఖాళీ జాగాలో ఒక ఆడమనిషిని రాశాడు. కూచుని ఉంది. ముందు సన్నెకల్లు, చేతిలో కొబ్బరి చిప్ప. మెడలో పూసలు. ఒంటికి నిండుగా ఆ రంగు. రక్కసిని పక్కకు జరిపి, దానికి ఆకుపచ్చ పూసి కోరలు పెట్టాడు. కోరలు చూసి జనం రక్కసిని పోల్చుకున్నారులెండి, ఎవరికీ ఇబ్బంది కాలేదు.

కళ్ళు తెరిచే వేళ ఈరమ్మను పక్కన కూచోబెట్టుకున్నాడు. కుడి కన్ను రాశాడు. ఎడమ కన్ను రాశాడు. ఇద్దరూ తెల్లారేదాకా కనిపెట్టుకుని కూచున్నారు. కళ్ళు అలాగే ఉన్నాయి. రాజు, రాణి, గుర్రం ఎప్పుడు తిరిగారో తెలియదు, తలలు ఎప్పటిలా పెట్టుకుని ఉన్నారు.

"పెదబాపూ, అవ్వ కండ్లు మూసింది" అంది ఈరమ్మ.

"నీకెట్ల తెలుసు బిడ్డా?"

"మూడు నెలల సంది నా ఎన్క ఎవలో సూస్తున్నట్టే ఉండె. ఇప్పుడు లేదు."

అని కొంగు తీసింది. నుదుటి మీద దెబ్బ మానిన మచ్చ, కింద ఆ మొహం. పటంలో బొమ్మకూ ఆ పిల్లకూ తేడా కనిపెట్టడం మల్లారికే కష్టమైంది. సమ్మయ్య ఊళ్ళో ఆ పటం విప్పి పాడిన మర్నాడు ఈరమ్మ మొహం మీద కొంగు లేకుండానే కడవ పట్టుకుని నీళ్ళకు పోయింది. దారిలో పిల్లలు ఉన్నారు. పటం చూసి వచ్చిన పిల్లలే. వాళ్ళ చేతుల్లో రాళ్ళున్నాయి. ఈరమ్మ మొహం చూసి, ఒకరి తరవాత ఒకరు కింద పడేశారు.

అప్పటి నుంచి ఆ నకాశీల ఇళ్ళల్లో మూడో చిప్పను బుదవ్వ చిప్ప అనే అంటారు. ప్రతి పటంలో ఒక మూల సన్నెకల్లు ముందు ఆమె కూచుని ఉంటుంది. దేవుడికన్నా ముందు ఆమె కళ్ళే తెరుస్తారు. పటం విప్పుతూ ఆమె బొమ్మ రాగానే డోలు ఆపుతారు, మూడు ఊపిరులు పీల్చి మళ్ళీ పాడతారు. నిండు రంగుతో బిడ్డ పుడితే మంత్రసాని "బుదవ్వ చేతి చుక్క" అని తల్లికి అందిస్తుంది. ఇంకా రంగు కలిపిన ప్రతిసారీ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని చుక్క పెట్టి, ఎవరి రంగు అని అడుగుతారు. అడగకుండా పూస్తే ఏమవుతుందో ఆ ఇళ్ళవాళ్ళు చెప్పరు. మధ్యాహ్నం పూట వెనక పంచవైపు మాత్రం ఒకసారి చూస్తారు.

పటం చుట్టేస్తున్నాను. లేవకముందు, ఎండలో ఆడొచ్చిన ఆ చేతులు ఒకసారి ఇటు చాపండి. ఎవరి రంగు? ఆఁ, ఇంకొంచెం గట్టిగా చెప్పండి. ఆమె వినాలి.