మహాగాదెలో మిగిలిన గోడ

ఎర్రనేల చెనక్కాయ చేలల్లో ఏటా జరిగే ఒక తంతు మనుషుల కంట పడదు. రైతులు పంట పీకి, బండ్లకెత్తుకుని పోయిన మర్నాటి నుంచి నేలలో మిగిలిపోయిన కాయలకు జంతువులు పరిగ ఏరడానికి దిగుతాయి. ఏరడం అందరికీ వచ్చు, దాచుకోవడమే ఎవరికీ రాదు. కుందేలుకు దాచే గుణమే లేదు. ఉడుత దాస్తుంది గానీ ఎక్కడ దాచిందో మరచిపోతుంది. ఒళ్ళంతా ముళ్ళున్న ఏదుపంది దాచిన చోటే పడుకుని, లేచేసరికి సగం తినేస్తుంది. అందుకని ఆ చేనికి ఐదు గట్లుంటే, ఐదు గట్ల కింద ఐదు పందికొక్కుల కలుగులు ఐదు గాదెలుగా వెలిశాయి. ఏ గట్టు వాళ్ళు ఆ గట్టు గాదెలో కాయలు పోసుకుని ఎండాకాలంలో తీసుకుంటారు. కాపలా కూలి పదికొకటి.

అన్నిటికన్నా పల్లంలో ఉన్న కింది గట్టు గాదె పందికొక్కు సుంకమ్మది. గాదె చిన్నది, నోరు పెద్దది. నోరు పెద్దదైనా మనసు మంచిదని ఆ గట్టు వాళ్ళు సర్దుకుపోయేవారు.

ఒక ఏడు పరిగ దినాల్లో నక్క భూషణం చేను నడుమ నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఐదు గాదెలేందప్పా? ఐదు కాపలాలేంది, ఐదు కూళ్ళేంది? నడుమ గోడలు తీసేస్తే అంతా ఒకటే గాదె. మహాగాదె! పక్క చేనోళ్ళు చూసి ముక్కున వేలేసుకోవాల."

"కూలి ఎంతా?" అన్నాడు ఏదుపంది గంగులప్ప. ఆయనకు కావలసింది ఎప్పుడూ మాటల చివర తేలే లెక్కే.

"ఇప్పుడు పదికొకటి పోస్తాండారు. నేను ఇరవైకొకటి చాలంటా. కలిసుంటే కలదు సుఖం!"

సుంకమ్మకు ఒళ్ళు మండింది. "కలిసుండాల్సింది మనమప్పా, మన గాదెలు గాదు. మూడేండ్ల కింద అన్నిటికన్నా పైనుండే మీది గట్టు ఓబన్న గాదెలో వాననీళ్ళు దూరినాయి, గుర్తుండాదా? తక్కిన నాలుగు గాదెలూ తలా ఇన్ని పోసి ఆ గట్టోళ్ళను ఎండాకాలం దాటించినాయి. అంతా ఒకటే అయితే రేపు పోసేదెవరు?"

"అంత పెద్దది మునుగుతాదా సుంకమ్మత్తా? మునిగేదానికి నీళ్ళు యాడుండాయి ఈ కరువు సీమలో?"

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వని వాళ్ళను మాట్లాడనివ్వకుండా చేయడానికి నవ్వును మించింది లేదు. మిగతా నలుగురు పందికొక్కులకూ భూషణం 'గాదె పెద్దలు' అని పేరు పెట్టి, కూర్చుని తినే ఏర్పాటు చేస్తానన్నాడు. తవ్వితవ్వి గోళ్ళరిగిన వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? ఆ సాయంత్రానికల్లా గోడలు కూలడం మొదలైంది. నక్క నడిచేంత వెడల్పుగా సొరంగం గట్టు నుంచి గట్టుకు సాగి సుంకమ్మ గోడ దగ్గర ఆగింది.

సుంకమ్మ గట్టు కుందేలు ఈరమ్మ బతిమాలింది. "అత్తా, అందరూ పోయినాంక నువ్వొక్కదానివే బిగుసుకోని ఉంటే ఎట్లా? మా గట్టోళ్ళను వెలేస్తారంట."

సుంకమ్మ ఒక రాత్రంతా ఆలోచించి పొద్దున భూషణాన్ని పిలిచింది. "గోడ తీయను. కంత పెడతా. ఆ కంత నా కొలతకే ఉంటాది."

అప్పట్లో భూషణం ఎండిన కట్టెపుల్లలా ఉండేవాడు. కంతలో తల పెట్టి, సర్రున అటు దూరి, సర్రున ఇటు వచ్చాడు. "నేను పట్టినాను గదా, చాలు. ఇంక మనమంతా ఒకటే!" అన్నాడు.

నెల తిరిగేసరికి కూలి ఇరవైకొకటి పోయి పదికొకటయింది. ఇంకో నెలకు ఐదుకొకటి. గంగులప్ప లబోదిబోమన్నాడు.

"నచ్చకపోతే వేరే గాదెకు పో," అన్నాడు భూషణం పళ్ళు కుట్టుకుంటూ.

"వేరే గాదె యాడుందప్పా?"

"అదే నేనూ చెప్తాండా."

గాదె పెద్దలు నలుగురూ ఆ మాట విని నేల చూపులు చూశారు. వాళ్ళకు పేరైతే మిగిలింది గానీ, తమ అరలోకి పోవాలన్నా భూషణాన్ని అడగాల్సి వస్తోంది.

ఆ నెలలోనే ఈరమ్మ నాలుగు పిల్లల్ని ఈనింది. పాలు చాలక, గుప్పెడు కాయలు బదులు అడుగుదామని, ఇప్పుడంతా ఒకటే గదా అని మహాగాదెకు పోయింది.

"నువ్వెవరు? ఏ గట్టు?" అన్నాడు భూషణం.

"మొన్ననే గదా మావా మాట్లాడితివి!"

"మహాగాదెకు అందరూ ఒకటేనమ్మా. ఇద్దర్ని పూచీ తెచ్చుకో."

ఈరమ్మ ఏడుస్తూ సుంకమ్మ దగ్గరికి వచ్చింది. సుంకమ్మ ఒక్క మాట అడగలేదు. తన అరలోంచి రెండు దోసిళ్ళు తీసి ఒళ్ళో పోసింది. పోయినేడు కూడా ఈ పిల్ల ఇలాగే తీసుకుని, అడగకముందే తెచ్చి పోసింది. పూచీ అంటే అంతకన్నా ఏముంది?

అప్పుడు వచ్చింది వాన. మాఘమాసంలో, ఎవరూ అడగని వాన, పట్టపగలు చేను చేనంతా దడదడలాడిస్తూ. మీది గట్టు తెగి ఓబన్న కలుగులోకి నీళ్ళు దూరాయి. మునుపైతే ఓబన్న గోడ దగ్గర ఆగేవి. ఇప్పుడు ఆగడానికి గోడేది? భూషణం వేయించిన రాచబాట వెంట నీళ్ళు రెండో అరలోకి, మూడో అరలోకి, నాలుగో అరలోకి దర్జాగా నడిచాయి. చెనక్కాయలు గలగలమంటూ బురదలో కలిశాయి.

భూషణం గట్టెక్కి అరుస్తున్నాడు. "భయపడొద్దండి! ఇంత పెద్ద గాదె మునగదు! మీ ఇండ్లలో ఉండే కాయలన్నీ తెచ్చి పోయండి. దీన్ని నిలబెట్టకపోతే అందరమూ పోతాం!"

"అది మాత్రం నిజమే చెప్పినాడు," అని సుంకమ్మ గొణుక్కుంది. ఆమె తన అరలో కంత ముందు మోకాళ్ళ మీద కూర్చుని మట్టి ముద్దలు కొడుతోంది. ఈరమ్మ కాళ్ళతో మట్టి తవ్వి అందిస్తోంది, గంగులప్ప మోస్తున్నాడు. కొట్టిన ముద్ద కొట్టినట్టే నీళ్ళకు జారిపోతోంది. ఆ చేలో ఇంక పొడి కాయలున్నది ఈ ఒక్క అరలోనే. ఇదీ పోతే ఎండాకాలం గడిచేదెట్లా? ఈరమ్మ తన పిల్లలు పడుకున్న పొద వైపు చూస్తూ తవ్వుతోంది.

"మట్టి నిలవదు," అంది సుంకమ్మ. "లావుగా, మెత్తగా, వేలు సందు లేకుండా పట్టేదొకటి కావాల."

"అట్లాంటిది యాడ దొరుకుతాది అత్తా?"

సుంకమ్మ తల బయటికి పెట్టి, గట్టు మీద అరుస్తున్న భూషణం వైపు చూసింది. మూడు నెలల్లో వాడి పొట్ట గుమ్మడికాయంత అయింది.

"ఉండాది," అంది.

గట్టు దాకా పాక్కుంటూ పోయి వాడి చెవిలో గుసగుసలాడింది. "భూషణం, నా అర పొడిగా ఉండాది. రెండు మూటలు ఏరిన కాయలుండాయి. బయటి దారిలో ఈరమ్మా గంగులప్పా కాపలా ఉండారు. తెలివైనోడివి, లోపలి కంత గుండా రా. నువ్వు కొలత చూసుకున్న కంతే గదా!"

భూషణం అటూ ఇటూ చూశాడు. "భయపడొద్దండి!" అని ఇంకోసారి అరిచి, మెల్లగా నాలుగో అరలోకి జారుకున్నాడు.

వెనక నీళ్ళు తోస్తున్నాయి, ముందు ఆశ లాగుతోంది. కంతలో తల పట్టింది. భుజాలు పట్టాయి. పొట్ట దగ్గరికి వచ్చేసరికి 'బుడుక్' మని ఆగిపోయాడు. ముందుకు రాడు, వెనక్కు పోడు. ఆ క్షణాన సుంకమ్మ అరలోకి నీళ్ళు రావడం కూడా ఆగిపోయింది.

"ఈరమ్మా, మెడ చుట్టూ మట్టి మెత్తు. గంగులప్పా, నువ్వొచ్చి వాడి మూతి ముందు అటు తిరిగి కూర్చో."

గంగులప్ప ముళ్ళు నిక్కబొడుచుకుని వీపు చూపించాడు. కరుద్దామని తెరిచిన నోరు భూషణం మళ్ళీ మూసుకున్నాడు.

"అత్తా, నన్ను బయటికి లాగు! నేను పోతే మహాగాదె పోతాది!"

"నువ్వు కదిలితే మా గాదె పోతాది నాయనా. వాన తగ్గేదాకా అట్లే ఉండు. మహాగాదెకు నువ్వు చేసిన మేలు ఇదొక్కటే, దాన్ని చెడగొట్టుకోవద్దు."

ఈరమ్మకు అంత భయంలోనూ నవ్వాగలేదు. నేల మీద దొర్లి దొర్లి నవ్వింది. గోడలన్నీ తీయించినవాడే ఆఖరికి గోడయ్యాడు!

ఎర్రనేల నీళ్ళను ఎక్కువసేపు నిలవనీయదు. సాయంత్రానికి వాన వెలిసి, మర్నాటికి నీళ్ళు ఇంకాయి. భూషణం పొట్ట ఇంకడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ సుంకమ్మ పూటకు ఐదు కాయలు వాడి ముందు పెట్టి, ఒకటి తీసేసుకునేది.

"అదేందత్తా?"

"ఐదుకొకటి. నువ్వు పెట్టిన కూలే గదా."

నాలుగో రోజు పొద్దున భూషణం మునుపటి కట్టెపుల్లలా జారి బయటపడి, ఎవరి మొహమూ చూడకుండా చేను దాటి పోయాడు. ఈరమ్మ పిల్లలు గట్టు మీద వరసగా కూర్చుని వాడి బురద తోక కనుమరుగయ్యేదాకా చూశాయి.

సుంకమ్మ తన అరలోని కాయల్ని ఐదు గట్లకూ పంచింది. కడుపు నిండా కాకపోయినా ఎండాకాలం గడిచింది. వానాకాలం రాకముందే ఓబన్నా మిగతా ముగ్గురూ 'గాదె పెద్దలు' అన్న పేరు వదిలేసి, గోళ్ళు నూరుకుని, ఎవరి గోడ వాళ్ళు కట్టుకున్నారు. గంగులప్ప ఆ ఏడు తన కాయల్ని మూడు గాదెల్లో మూడు కుప్పలుగా పోశాడు. కూలి ఎంతని అడగడం మాత్రం మానలేదు.

ఊరంతటికీ ఒకటే గాదె అయితే, అది మునిగిన నాడు ఊరే మునుగుతుంది.