వేరు పట్టిందో లేదో

అది 1996 వేసవి. నరసరావుపేటలో ఒక ఫోటో స్టూడియో ముందుగదిలో గాజుతొట్టె ఉండేది. యజమాని అందులో కొత్తగా ఒక నీటిమొక్క నాటాడు. అందరికంటే ఎక్కువ సంబరపడింది ముసలి బంగారుచేప.

కారణముంది. తొట్టెలోని గప్పీ అనే చిన్న చేప నిండు చూలాలు. పుట్టబోయే పిల్లలు ఆవగింజకన్నా కాస్త పెద్దగా ఉంటాయంతే. బంగారుచేప నోరేమో, ఎదుట కదిలిందల్లా మింగాక గానీ ఏమిటని అడగదు.

“నాకు నీ మీద ప్రేమే తల్లీ, ఈ నోటి మీదే నమ్మకం లేదు,” అంది గప్పీతో. “ఈ మొక్క గుబురుగా ఎదగాలి, నీ పిల్లలు అందులో దాక్కోవాలి. ఆ పూచీ నాది.”

“నువ్వుండగా నాకేం భయం బాబాయ్,” అంది గప్పీ, కాస్త ఎడంగా జరుగుతూ.

కొద్దిరోజులకే ఆకులు పసుపెక్కి రాలసాగాయి. బంగారుచేప ఆగలేకపోయింది. గులకరాళ్ళు నోటితో పక్కకు తీసి, మొక్కను పైకి లాగి, వేళ్ళు చూసి, మళ్ళీ పాతింది. మర్నాడూ అంతే.

“ఏం చేస్తున్నావన్నా?” అంది అద్దం మీద పాకుతున్న నత్త.

“వేరు పట్టిందో లేదో చూస్తున్నా.”

“నువ్వు చూడబట్టే పట్టలేదు. అవి బయట గాలిలో పెరిగిన ఆకులు. నీళ్ళలో అవి రాలిపోతాయి, మొక్క మళ్ళీ కొత్తవి వేస్తుంది. రాలింది నేను తింటాను. నువ్వు దాని జోలికి పోకు.”

“అదీ సంగతి! తిండికోసం చెప్పే కబుర్లు. పసిగుడ్డును ఉయ్యాల్లో వేసి చూడకుండా ఉంటామా?”

“చూస్తాం. నిద్రపోయావా అని లేపి అడగం.”

బంగారుచేప మొండిది. ఆ మర్నాడూ లాగింది. ఇక నత్త వాదించడం మానేసి, మొక్క మొదట్లో చతికిలబడింది.

“ఇక్కడ గుడ్లు పెట్టానన్నా. కదిలించావా, నా వంశం నాశనం!”

“అయ్యో, ముందే చెప్పొద్దూ!” బంగారుచేప వెనక్కి తగ్గడమే కాదు, ఎవరూ అటు రాకుండా కాపలా కూడా కాసింది. నిజానికి అక్కడ గాడిదగుడ్డు కూడా లేదు.

కొన్నాళ్ళకు నడిమిలోంచి పచ్చటి మొలక లేచింది.

“చూశావా, నా కాపలా మహిమ!” అంది బంగారుచేప. నత్త కొమ్ములు లోపలికి లాక్కుని, రాలిన ఆకు తినసాగింది.

మొలక ఇంకా రెండు మూడు ఆకుల మీదుండగానే గప్పీకి నొప్పులొచ్చాయి.

“ఇన్నాళ్ళూ పీకకుండా ఉంటే ఈపాటికి గుబురయ్యేది కదా బాబాయ్!” అని ఏడ్చింది.

బంగారుచేప మూలకు పోయి, అద్దానికి నోరానించి నిలబడింది. “కను తల్లీ. నేనిటు తిరగను.”

తిరగలేదు కూడా, యజమాని మేత చల్లేదాకా.

కదపకుండా ఉండటం కూడా పెంపకమే.

ఆ కాన్పులో ఆకుల చాటుకు చేరిన పిల్లలు బతికాయి. మిగతావాటిని బంగారుచేప మింగింది.