ఇంటికొచ్చిన చెవి

రాజుగారు ఊళ్ళో ఇంటికొక చెవి చొప్పున పంచిపెట్టారు. ఉచితంగా.

దర్జీ ఇంటికీ ఒకటి వచ్చింది. గోడకు తగిలించారు. "కత్తెర ఎక్కడ పెట్టాను?" అంటే "తలగడ కింద" అని చెప్పేది. చెవి మాట్లాడడమేమిటని ఎవరూ అడగలేదు. ఊరికే వచ్చినదాన్ని నిలదీయడం మర్యాద కాదు కదా.

"పిలిస్తేనే వింటుందమ్మా," అన్నాడు తెచ్చిన భటుడు.

"ముందునుంచీ వింటూ ఉండకపోతే, పిలిచానని దానికెలా తెలుస్తుందయ్యా?" అంది దర్జీ పెళ్ళాం.

భటుడు చెవి మీది దుమ్ము దులిపాడు. "చాలా మంచి చెవమ్మా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు దర్జీ లేస్తూ "అబ్బా, మోకాళ్ళు" అన్నాడు. మొహం కడుక్కునేలోగా తైలాలమ్మేవాళ్ళు ముగ్గురు గుమ్మంలో ఉన్నారు. చెవి విన్నది కోటకు, కోట విన్నది సంతకు చేరేదన్నమాట. ఆ వారమే పక్కింటి ముసలాయన రెండుసార్లు దగ్గాడు. పాడెలు కట్టేవాడు వచ్చి ఆయన పొడుగు కొలుచుకుపోయాడు. పాపం, ఆయనకు నీళ్ళు తాగుతుంటే పొలమారింది, అంతే.

ఊరికి భయం పట్టుకుంది. చెవిని పీకేస్తే రాజుగారు ఊరుకోరు. అందుకని దాన్ని చుట్టంలా చూడడం మొదలుపెట్టారు. చుట్టం ముందు ఇంటిగుట్టు విప్పం కదా! విస్తరేసి వడ్డించారు. అది తినకపోతే మొహమాటం కాబోలనుకుని మరికాస్త వడ్డించారు. నిన్నటిదాకా "ఒసే" అన్న మొగుళ్ళు పెళ్ళాలను "తమరు" అన్నారు. ఉప్పు లేని చారును అమృతమన్నారు. నాలుగు రోజులు ఓర్చుకుంటే పోతుందిలే అనుకున్నారు. చుట్టమై వచ్చి దయ్యమై పట్టినట్టు, ఏడాదైనా అది కదల్లేదు.

ఆ ఏడాదే దర్జీ పెళ్ళానికి డొక్కలో గడ్డ చేతికి తగిలింది. ఆమెకు చచ్చేంత భయమేసింది. మొగుడికి చెప్పుకుని ఏడవాలనిపించింది. చెబితే వైద్యుడికంటే ముందు పాడెలవాడొస్తాడు. నెలరోజులు లోలోపలే కుమిలిపోయింది. అన్నం సయించలేదు. ఆమె రవికె రెండు వేళ్ళు బిగించాల్సి వచ్చేసరికి దర్జీ గుండె జారిపోయింది.

ఓ ఉదయం ఆమెను ఊరిబయట జీడితోటలు దాటించి, ఇసుకదిబ్బల దాకా నడిపించాడు. చుట్టూ చూశాడు. మనిషి లేడు, గోడ లేదు, చెవి లేదు.

"ఏమైందే నీకు? నాతో చెప్పవే," అని అడగబోయి నోరు తెరిచాడు.

"తమరు కులాసాయేనాండీ?" అని వచ్చింది.

అతను మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే వచ్చింది.

ఆమె కళ్ళనిండా నీళ్ళు. నెలరోజుల మాట గొంతుదాకా వచ్చింది.

"తమ దయవల్ల అంతా క్షేమమేనండీ," అంది. అంటూనే అతని చెయ్యి లాక్కుని గడ్డ మీద అదిమిపెట్టుకుంది.

దర్జీ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"చాలా సంతోషమండీ," అంటూ ఇసుకలో కూలబడి భోరున ఏడ్చాడు.